నీళ్ల వంతు, బండ్ల వంతు

డిసెంబర్ రెండో ఆదివారం, నిజామాబాద్‌లో మా ఇల్లు. ప్రార్థనకు కూర్చున్నవారు: నేను, నా భార్య, మా చెల్లె, ఆమె మనవరాలు. చదివినది బైబిల్‌లోని మీకా ప్రవక్త గ్రంథం. దేవుడు మనిషిని న్యాయమూ అడుగుతాడు, కనికరమూ అడుగుతాడు అని విని, రెండూ ఒక్కసారే ఎట్ల కుదురుతయి తాతా అని అడిగింది ఆ పిల్ల. బోధన్ దగ్గరి మా ఊళ్లో, నాకు పంతులు ఉద్యోగం కొత్తగా వచ్చిన ఏడు, మా బాపు అది ఎట్లా కుదిర్చాడో నా పాత డైరీలో ఉంది. డైరీ తీయకుండానే చెప్పాను.

కాలువ మొదట్లో భూమి ఉన్న పటేల్ ఆ ఏడు మా వంతు రోజున కూడా తూముకు పలకలు బిగించి నీళ్లన్నీ తన చెరుకుకే మళ్లించుకునేవాడు. కాలువ చివరన మేము కొత్తగా నాటిన చెరుకు మడులు నెర్రెలిచ్చాయి. బాపు ఆదివారం చర్చిలో మీకా మాటలు చెప్పి, సోమవారం పటేల్ ఇంటికి పోయి వంతు అడిగి, వట్టి చేతులతో తిరిగి వచ్చేవాడు.

అంతలో పటేల్ కోత చెరుకుకు నిప్పంటుకుంది. కాలిన చెరుకు వెంటనే ఫ్యాక్టరీకి చేరకపోతే రసం చెడిపోతుంది, మర్నాడు ఫ్యాక్టరీకి బండ్లు తోలే వంతేమో కోతకొచ్చిన మా పాత చెరుకుది. సాయంత్రం పటేల్ తలగుడ్డ చేత పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డాడు.

“నీళ్ల వంతు ఇయ్యనోనికి బండ్ల వంతా? దేవుడే కాలబెట్టిండు, నడుమ మనమెవ్వరం?” అంది అమ్మ.

“నిప్పు పెట్టే దేవుని గురించి నేనేనాడు చెప్పలే,” అని బాపు పటేల్ వైపు తిరిగి, “తోలుకపో పటేలా. మా చెరుకు ఆగుతది, నీది ఆగదు,” అన్నాడు.

పటేల్ ముఖం తేటపడింది. “గట్లయితే తూము ముచ్చట ఇగ ఒడిసినట్టేనా?”

“యాడ ఒడిసింది? బండ్లు నా కనికరం. నీళ్లు నా హక్కు. పొద్దుగాల్ల పార పట్టుకొని తూము కాడికొస్త.”

ఇప్పుడు ఆ పొలాల్లో చెరుకు లేదు, ఫ్యాక్టరీ ముందు బండ్ల బారులూ లేవు. వంతు అనే మాట మాత్రం ఏ వరుసలో నిలబడినా నాకు బాపు గొంతుతోనే వినిపిస్తుంది.

బాపు అట్లా అన్న మర్నాడు పొద్దున్నే మా వంతులో పటేల్ బండ్లు కదిలాయి. వాటి పక్కనుంచే బాపు పార భుజాన వేసుకుని తూము దగ్గరికి నడిచాడు, వెనక నేను. అక్కడ మసి అంటిన చేతులతో పటేల్ ఒక్కడే ఆఖరి పలకను పీకుతున్నాడు, అది కదలడం లేదు. బాపు పార కింద పెట్టి, రెండో కొస పట్టుకుని లాగాడు.