ఆ వాసన మూడో పేజీలో ఉంది

మా బాబాయి ఇచ్చే అరచెంచా విస్కీ గొంతు దిగాలంటే ముందు దాని వాసన ఎలా ఉందో చెప్పాలి. అదీ అంతవరకూ ఎవరూ చెప్పనిది చెప్పాలి. మందు పేరు వింటేనే ముఖం చిట్లించే పెద్దమనుషులు ఇక్కడే పేజీ తిప్పేయొచ్చు. అరచెంచాతో ఎవరి కొంపా మునగదు గానీ, బాబాయి ప్రశ్నల్లో మాత్రం చాలామంది మునిగారు.

తూకాల మిషన్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఆ చేతికి ఇప్పుడు మిగిలిన పని ఒక్కటే. ఆదివారం సాయంత్రం బీరువాలోంచి జపాను సీసా దించి, అరచెంచా కొలిచి, ఇంకు ఫిల్లరుతో నాలుగు చుక్కలు నీళ్ళు వేయడం. ఐదో చుక్క పడిందా, ఆ గ్లాసు లెక్కలోకి రాదు.

"ఇందులో అంతా బార్లీయేరా. రెండు మూడు బట్టీల సరుకు కలిపారు. ఉమ్మడి కాపురమే గానీ గొడవల్లేవు. పైగా కుర్రది. ముసలి విస్కీలు పొగ, చెక్క అంటూ వీధి చివరిదాకా అరుస్తాయి. దీని మాట వినాలంటే మనమే దగ్గరికెళ్ళాలి. ఊఁ, చెప్పు."

"యాపిల్."

"మూడో పేజీ."

"పోనీ, పియర్."

"అదీ మూడో పేజీయే. యాపిల్ కిందే ఉంది."

పేజీలంటే, ఎవరేం చెప్పినా ఆయన రాసుకునే నల్ల అట్ట నోటుబుక్కువి. టైలరు ఓసారి "తడి నూలు చొక్కా మీద ఇస్త్రీపెట్టె పెట్టగానే లేచే ఆవిరి" అన్నాడు. బాబాయి లేచి అతన్ని కౌగిలించుకున్నాడు. అసలు తాగని పోస్ట్‌మ్యాను వాసన మాత్రం చూసి "ఎవరూ విప్పని కవరు" అన్నాడు. వడ్రంగి "చిత్రిక పట్టిన మొదటి పొర మీద తేనెచుక్క" అన్నాడు. పళ్ళ డాక్టరు "బాగుందండీ" అని ఊరుకున్నాడు. ఆయన్ని మళ్ళీ పిలవలేదు.

నాకు మింగుడుపడనిదల్లా ఇదంతా మా పిన్ని ఎదుట జరగడం. పిన్నిది సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూసే ఉద్యోగం. కళ్ళు మూసుకుని ఏ సబ్బు ఏ వారం తయారైందో చెప్పేది. ఆ సీసా ఆమె రిటైరైనప్పుడు తోటివాళ్ళిచ్చిన కానుక. మూత తీసిన సాయంత్రం గంటసేపు గ్లాసు వదల్లేదట. ఎలా ఉందని బాబాయి అడిగితే, "తొందరేముంది, సీసా ఇంట్లోదేగా, నెమ్మదిగా చెబుతాను" అందట. నెల తిరక్కుండానే జ్వరమొకటి వచ్చి ఆమె ముక్కులోంచి వాసనంతా ఊడ్చుకుపోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. మూడేళ్ళయింది. పిన్ని ఇప్పటికీ ఉతికిన దుప్పటి మడతపెట్టే ముందు ఓసారి ముఖానికి ఆనించుకుంటుంది. కాసేపు చూస్తుంది. తర్వాత మడతపెట్టేస్తుంది.

అలాంటి మనిషి ముందు ఈయనగారి వాసనల సంత! ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"బాబాయ్, నీకు మనసెలా ఒప్పుతోంది? ఆకలితో ఉన్నవాళ్ళ ముందు కూర్చుని తిన్నట్టు లేదూ?"

"ముందు వాసన చెప్పు."

"యాపిల్" అన్నాను కసిగా.

"మూడో పేజీ."

పోయిన ఆదివారం చెప్పకుండా వెళ్ళాను. సీసాలో ఆఖరి అరచెంచా ఉందని తెలుసు. తలుపు తోయగానే మాడు వాసన ముఖాన కొట్టింది. హాల్లో బాబాయి నోటుబుక్కు చదువుతున్నాడు. ఎదురుగా పిన్ని కళ్ళు మూసుకుని, ముక్కు గ్లాసులో పెట్టుకుని కూర్చుంది.

"ఇస్త్రీపెట్టె ఆవిరి."

"ఊఁ... తర్వాత?"

"ఎవరూ విప్పని కవరు."

"పోస్ట్‌మ్యాను మాటే కదూ" అని నవ్వింది పిన్ని. "మళ్ళీ చదవండి."

"పాలు మాడిపోతున్నాయి!" అని అరుస్తూ వంటింట్లోకి పరుగెత్తాను. పొయ్యి కట్టేసి వచ్చాను. "పిన్ని సంగతి సరే. నీకేమైంది బాబాయ్?"

బాబాయి నోటుబుక్కు మూశాడు. అప్పుడు వెలిగింది నాకు. ఇన్నాళ్ళలో ఆయన తనంతట తాను ఒక్క వాసనా చెప్పలేదు!

"ముప్పై ఏళ్ళు పొడుం పీల్చానురా. ఇది ముక్కు కాదు, కళ్ళజోడు స్టాండు. మీ పిన్నికి చెప్పాలంటే నా దగ్గరేముంది? వచ్చినవాళ్ళందర్నీ అడుక్కోవడమే." పిన్ని వైపు దొంగచూపు చూశాడు. "నీకు చెప్పలేదు..."

"చెప్పాలా? వంటింట్లో ఎలుక చచ్చి మూడ్రోజులుంటే, పక్కింటావిడొచ్చి చెప్పాల్సొచ్చింది మనిద్దరికీ. అప్పుడే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే చదవడం మానేస్తారని."

పిన్ని గ్లాసు నా చేతికిచ్చింది. "నువ్వు చెప్పు నాయనా. ఇదే ఆఖరు."

మొదటిసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. యాపిల్ లేదు, కవరు లేదు. ఇల్లంతా ఒకటే వాసన. వాళ్ళతో అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"మాడిన పాలు."

బాబాయి గబగబా పేజీలు తిప్పాడు. "మూడో పేజీలో లేదు! ఎక్కడా లేదురా!" అంటూ పెన్ను కోసం జేబులన్నీ తడుముకున్నాడు.

పిన్ని గ్లాసు తీసుకుని, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చింది.

"ఆఁ! ఇది మాత్రం బాగా గుర్తుంది" అంది.

ఆ అరచెంచానే ముగ్గురం పంచుకున్నాం. గిన్నె తోమడం మాత్రం ముక్కున్నవాడికే పడింది.