పెద్దమ్మ ఏరి పక్కన పడేసిన పప్పులు

పోయిన మంగళవారం పొద్దున ఆత్మకూరు నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ పోయింది" అన్నాడు. ప్రార్థన చేసుకొని, కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అరుగు మీద కూర్చుందట. పక్కింటామె పలకరిస్తే పలకలేదట. మంచం పట్టకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోయింది. ఆమె తీరే అంత.

రొయ్యల మేతలోని బూజు విషం మీద నేను చేసిన పనికి కాగితాల మీద నా పేరుంటుంది. దాన్ని మొదట పట్టుకున్నది బడి ముఖం చూడని మా పెద్దమ్మ. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. పుట్టింది ఉదయగిరి కొండ కింద, మెట్టింది ఆత్మకూరు. పెదనాన్న చిన్న వయసులోనే పోతే శనక్కాయల మిల్లులో పనికి చేరి, ముప్పై ఏళ్ళు అక్కడే గడిపింది. ఉదయగిరి వైపు మెట్టచేల నుంచి కాయలు లారీల్లో వచ్చేవి. మిషను తొక్క తీస్తే, ఆడవాళ్ళు వరసగా కూర్చొని చేటల్లో పప్పులు పోసుకొని, ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, బూజు పట్టినవీ తీసి పక్కన పడేసేవాళ్ళు. పెద్దమ్మ చేట ముందుగా ఆమె ముక్కు దగ్గరికి పోయేది. "చూసి ఏరేది సగమే పాపా, మిగతా సగం వాసనే" అనేది. ఆదివారం చర్చిలో కూర్చున్నా ఆమె వేళ్ళు బైబిలు అట్ట మీద ఏదో ఏరుతున్నట్టే కదిలేవి.

నేను ఎమ్మెస్సీ అయ్యాక, సముద్రపు ఒడ్డు బురదలో పెరిగే బూజుల మీద పరిశోధన మొదలుపెట్టిన రోజులవి. తీరం పొడుగునా రొయ్యల గుంటలు తవ్వుతున్నారు. అమ్మకూ పెద్దమ్మకూ ఒక్కడే తమ్ముడు, మా మామ, ఉన్నదంతా అక్కడే పెట్టి రెండు గుంటలు వేశాడు. రెండో పంటకు ఆయన రొయ్యలు ఎదగడం మానేశాయి. పెంకు మెత్తబడింది, తలలోని కాలేయం పాలిపోయింది. రోజూ కొన్ని చచ్చి ఒడ్డుకు చేరేవి. కొందరు వైరస్ అన్నారు, కొందరు నీళ్ళు అన్నారు. నేను బురద అన్నాను. అడుగు బురదను కవర్లలో కట్టుకొని, ఎందుకైనా మంచిదని గుప్పెడు మేత కూడా తీసుకొని, దారిలో ఆత్మకూరులో పెద్దమ్మ ఇంట్లో ఆగాను.

సంచి లోపల పెడుతుంటేనే అడిగింది.

"ఏందే అది?"

"రొయ్యల మేత పెద్దమ్మా. మామ సొంతంగా కలుపుకుంటున్నాడు. తవుడు, ఎండుచేపల పొడి, శనక్కాయ చెక్క."

కవరు విప్పి వాసన చూసింది. చిటికెడు అరచేతిలో వేసుకొని వాకిట్లో వెలుతురుకు పోయి, మళ్ళీ చూసింది.

"బూజు పట్టిన కాయల చెక్క ఇది. చేపల వాసన కప్పింది గానీ లోపల ఉండాది. పోయిన కోతలప్పుడు వానకు కాయంతా తడిసింది చూడు, ఆ కాయే."

"నీకెట్లా తెలుసు?"

"ఎట్లా తెలుసా? ఏరి పారేసింది నేనే గదే."

అన్నాక ఆ మాట ఆమెకే తగిలింది. ఏరి పడేసిన పప్పును మిల్లువాళ్ళు విడిగా ఆడిస్తారని ఆమెకు తెలుసు. నూనె సబ్బులకూ, మిగిలిన చెక్క పొలాల్లో ఎరువుకూ పోతుందని చెప్పేవాళ్ళు.

"ఎరువుకని గదా చెప్పినారు. నేను వద్దని తీసేసింది తీసకపోయి నా తమ్ముడికే పోసినారా?"

లాబ్‌లో మేత నుంచి తీసిన సారం అల్ట్రావయొలెట్ దీపం కింద నీలంగా మెరిసింది. అఫ్లాటాక్సిన్, శనక్కాయ బూజులో పుట్టే విషం. గుంట అడుగు బురదలోనూ అదే ఉంది. రొయ్యలు తినక వదిలేసిన మేత కిందికి చేరి కుళ్ళుతోంది. బురద అని నేనన్నది తప్పు కాదు. కానీ పెద్దమ్మ ముక్కు లేకపోతే, నేను ఇంకో ఏడాది ఆ బురదలోనే వెతుకుతూ ఉండేదాన్ని.

ఫలితం చెప్పిన రోజే పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకొని మిల్లుకు నడిచింది. మిల్లాయన కాటా దగ్గర ఉన్నాడు.

"అయ్యా, మేం ఏరి పడేసింది రొయ్యల మేతకు పోతా ఉండాదంట?"

"చెక్క చెక్కే. కొనేవాడు చూసుకొని కొంటాడు."

"కొనేవాడికి తెలీదు. మీకు తెలుసు. ఇప్పుడు నాకూ తెలిసింది."

"నచ్చకపోతే రేపట్నించి రావద్దు."

"వస్తాను. అది ఎక్కడికి పోతుందో తేలిందాకా చేట మాత్రం పట్టను."

మర్నాడు వెళ్ళి తన చోటులోనే కూర్చుంది, చేట ఒళ్ళో బోర్లించుకొని. మధ్యాహ్నానికి ఆ వరసలో ఒక్క చేటా కదల్లేదు. బయట మద్రాసు లారీ సరుకు కోసం నిలబడి ఉంది. మూడోరోజు మిల్లాయన దిగొచ్చాడు. చెడ్డ పప్పు ఇటుకబట్టీలో పొయ్యి కిందికి పోయేటట్టు ఒప్పందమైంది. పెద్దమ్మ అంతటితో వదల్లేదు. కొన్నాళ్ళు ప్రతిసారీ ఆ బస్తాలతో పాటు లారీ ఎక్కి, బట్టీలో పోసిందాకా చూసి వచ్చేది. నమ్మకం అనే మాట ఆమె చర్చిలో తప్ప వాడేది కాదు.

మామ గుంటలు ఎండగట్టి, పైబురద చెక్కించి, సున్నం చల్లించాడు. ఆ పని చూడాలని పెద్దమ్మ పట్టుబడితే తీసుకెళ్ళాను. గట్టు మీద నిలబడి, నేను అడగని ప్రశ్న అడిగింది.

"ఇందులో నీళ్ళు ఎటు వదిలినారు?"

"కాలవలోకక్కా. అట్నించి సముద్రంలోకి" అన్నాడు మామ.

కాలవలో నడుంలోతు నీళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు ఆలిచిప్పలు ఏరుకుంటున్నారు. పెద్దమ్మ వాళ్ళనే చూస్తూ, "వాళ్ళు తింటారు గదా అవి? వాటిని చూసినావా నువ్వు?" అంది నాతో.

"లేదు పెద్దమ్మా."

"మరి చూడు."

ఆ ఒక్క మాట నాకు రెండేళ్ళ పని అయింది. కాలవ బురదలో విషం ఉంది. చిప్పల మాంసంలోనూ జాడ దొరికింది. భయపడినంత లేదు, బొత్తిగా లేకపోలేదు. రిపోర్టు రాస్తున్నానని చెబితే, "కాగితంలో రాస్తే వాళ్ళు చదువుతారా? పోయి చెప్పు" అంది. పోయి చెప్పాను. వాళ్ళు గుంటల నీళ్ళు కలవని పైభాగానికి మారారు. మామకు తర్వాతి పంట నిండుగా వచ్చింది. ఆ పైన నిజంగానే వైరస్ వచ్చి ఊళ్ళకు ఊళ్ళే గుంటలు వదిలేసుకున్నాయి. దానికి మా ఇద్దరి దగ్గరా మందు లేదు.

మొన్న సమాధి దగ్గరికి మిల్లు ఆడవాళ్ళు పని మధ్యలో లేచి వచ్చారు. తలల మీద ఎర్రటి పొట్టు అలాగే ఉంది. ఒకామె నా చెయ్యి పట్టుకొని, "మాకు పని నేర్పింది మీ పెద్దమ్మే" అంది. నాకూ ఆమే నేర్పింది అన్నాను.

గుంట చూడ్డానికి వెళ్ళిన ఆ రోజే నాకు ఎక్కువ గుర్తొస్తోంది. పుట్టినప్పటి నుంచీ ఈ జిల్లాలోనే ఉన్న మా పెద్దమ్మ అప్పటిదాకా సముద్రం చూడలేదు. బస్సుకు ఇంకా టైముందని ఇసకదిబ్బ దాటించి తీసుకెళ్ళాను. చెప్పులు చేత పట్టుకొని, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకొని నీళ్ళలో నిలబడింది. అల వెనక్కి పోతూ పాదాల కింద ఇసకను లాగేసరికి తూలి నా భుజం పట్టుకొని, "ఉండవే, ఏం తొందర నీకు!" అని సముద్రాన్ని గదమాయించింది. తర్వాత నా భుజం వదిలేసింది. బస్సు హారన్ మోగింది, మామ దిబ్బ మీద నుంచి చేతులు ఊపుతున్నాడు. పెద్దమ్మ వెనక్కి తిరక్కుండా, చెప్పులు గుండెల దాకా ఎత్తి పట్టుకొని, మోకాలి లోతుకు ఒక్కతే నడిచి వెళ్ళింది.