మాస్టారూ, మీ కొత్త కోచ్ మీద నా తీర్పు ఇదిగో

నా పేరు వీరమ్మ. వయసు డెబ్బై నాలుగు. అమెరికాలో మోరిస్‌విల్ అనే ఊళ్ళో కొడుకు శ్రీను, కోడలు స్వాతి, హాస్టల్ నుంచి వచ్చిపోయే మనవరాలు నిత్య, నేను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే స్వాతి టైప్ చేస్తోంది. ఒక్క మాట మెత్తగా మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

నిన్న పొద్దున పెసరట్టు తిరగేస్తుంటే ఉష ఫోన్ చేసింది.

"ఆంటీ, నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారు."

అట్టు మాడిపోయింది.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట చెబితే నవ్వుతారు. "అదెట్టా కుదురుద్దే? ఆదివారం ఆయన నా తీర్పు వినాలిగా!"

ఉష ఏడుస్తూనే నవ్వేసింది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. దయానందం మాస్టారు మా వెనక వీధిలో, కూతురు ఉష ఇంట్లో ఉండేవారు. గుంటూరు వైపు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైర్ అయ్యారు. నేనేమో వరినాట్ల ముఠాకి మేస్త్రిని. మా ఇద్దరినీ ఒక సోఫా మీద కూర్చోబెట్టింది కాలేజ్ ఫుట్‌బాల్. మనూళ్ళో ఆడేది కాదు, బంతి చేత్తో పట్టుకుని ఉరికే అమెరికా ఆట. నిత్య యూనివర్సిటీ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తుంది. దాన్ని టీవీలో చూద్దామని కూర్చుని ఆటలో పడ్డాను.

ఈ ఏడాది మా టీమ్‌కి, అంటే నిత్య యూనివర్సిటీ టీమ్‌కి, కొత్త అఫెన్సివ్ కోఆర్డినేటర్ వచ్చాడు. బంతి మన చేతిలో ఉన్నప్పుడు ఎవరు ఎటు ఉరకాలో చెప్పే కోచ్.

హెడ్ కోచ్ రైతు అయితే, ఇతను మేస్త్రి. అంటే నా ఉద్యోగమే. నా ఉద్యోగం చేసేవాడిని నేను తిట్టకపోతే ఎవరు తిడతారు?

మొదటి నెల చూడాలి ఆ ఘోరం. పది గజాలు దాటడానికి నాలుగు ఛాన్సులు. మూడోదాంట్లో దాటకపోతే చాలాసార్లు బంతిని అవతలివాళ్ళకి తన్నేయడమే. ఆ మూడో ఛాన్స్‌కి మన పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. వీణ్ణి ఇంటికి పంపండి అని నేను అరిస్తే ఫోన్లో మా కాలనీ పెద్దవాళ్ళ సీనియర్స్ గ్రూప్ అంతా వంతపాడేది.

మాస్టారు ఒక్కరే అడ్డం.

"చెల్లెమ్మా, కొత్త ముఠాని మడిలో దించిన మొదటి రోజు నీ వరసలు తిన్నగా వచ్చినయ్యా?"

"వచ్చినయ్."

"అబద్ధం."

"సరే, రెండో రోజుకి వచ్చినయ్ మాస్టారూ. వీడికి రెండో నెల నడుస్తా ఉంది!"

"సీజన్ అయ్యేదాకా నోరు కట్టుకో. అప్పుడు నలుగుర్లో తీర్పు చెప్పు. పంపెయ్యమంటే నేనూ పంపెయ్యమంటా."

అదీ ఒప్పందం. సీజన్ అయ్యాక, కాలనీ క్లబ్‌హౌస్‌లో తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో, అందరి ముందూ. ఆ పాట్‌లక్ ఈ వచ్చే ఆదివారమే.

రాయడం రాదు గనక నా లెక్క శనగలతో. మూడో ఛాన్స్‌లో దాటితే ఎర్ర గిన్నెలో ఒక వేయించిన శనగ. దాటకపోతే స్టీలు గిన్నెలో. అక్టోబర్‌లో ఒక మ్యాచ్ సగమయ్యేసరికి స్టీలు గిన్నె బాగా నిండింది. టీ పెట్టి వచ్చేసరికి ఖాళీ.

మాస్టారు నములుతున్నారు.

"మాస్టారూ! అది సాక్ష్యం!"

"ఉప్పు తక్కువైంది చెల్లెమ్మా."

కావాలని తినలేదని ప్రమాణం చేశారు. నేను నమ్మలేదు. ఈరోజుకీ నమ్మను. తర్వాతి శనివారం నుంచి పచ్చి రాజ్మా వాడాను. పళ్ళుంటే నమలమన్నాను.

ఇప్పుడు అసలు సంగతి.

నిన్నటి నుంచి గ్రూప్‌లో అందరిదీ ఒకటే పాట. "వీరమ్మగారూ, పెద్దాయన పోయారు కదా, మాస్టారే కరెక్ట్ అనెయ్యండి."

స్వాతి కూడా, "పోనీలెండి అత్తయ్యా" అంది.

అననంటే అనను. కబడ్డీ ఫైనల్లో సొంత స్కూలు పిల్లాడు గీత తొక్కితే, విజిల్ వేసి బయటికి పంపిన మనిషి ఆయన. అలాంటి మనిషిని జాలిపడి గెలిపిస్తానా?

కాబట్టి వినండి.

పాయింట్లొచ్చే ఆఖరి గీత, ఆ గోల్ లైన్ దగ్గర ఈ కోచ్‌ది అతితెలివి. రెండడుగులు తోసుకుంటూ పోవాల్సిన చోట బంతి గాల్లోకి విసిరిస్తాడు. అదే మూడు మ్యాచ్‌లు ముంచింది. దాని గురించి మాస్టారిని అడిగితే బాత్‌రూమ్‌కి వెళ్ళేవారు.

కానీ నవంబర్‌లో బంతి విసిరే మెయిన్ ఆటగాడు, ఆ క్వార్టర్‌బ్యాక్‌కి మోకాలు పోయింది. బెంచ్ మీద కూర్చునే కుర్రాడు దిగాడు. కోచ్ తన గొప్ప గొప్ప ప్లాన్‌లన్నీ పక్కన పడేసి, ఆ కుర్రాడి చేతికి ఏం వచ్చో అదే ఆడించాడు. చిన్న చిన్న విసుర్లు, అంతే.

చేయి తిరిగిన కూలీలు రాని రోజు మడి పూర్తి చేయించినవాడే మేస్త్రి. అది నాకు తెలియదా?

పోయిన శనివారం చివరి మ్యాచ్ ఓడిపోయాం. అయినా నేను చూశాను. మూడో ఛాన్స్‌కి ఎవరి చోటికి వాళ్ళు పరిగెత్తారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

మ్యాచ్ అవగానే మాస్టారు ఫోన్ చేశారు. "ఏం చెల్లెమ్మా, ఏమంటావు?"

"పాట్‌లక్ దాకా ఆగండి" అన్నాను.

అప్పుడే చెప్పాల్సింది. ఊరించాలనుకున్నాను. తప్పు నాదే.

మాస్టారూ, ఆ కోచ్‌ని ఉంచమంటున్నాను. ఇంకో ఏడాది ఇవ్వండి. మీ మీద జాలితో కాదు, లెక్క చూసే. మీరు కరెక్ట్, గోల్ లైన్ దగ్గర తప్ప.

ఆ చివరి ముక్క తీసేద్దామంది స్వాతి. ఉషకి ఫోన్లో చదివి వినిపించాం.

"ఉంచండి ఆంటీ. అది తీసేస్తే నాన్న నమ్మరు, మీరు చెప్పారంటే" అంది.

ఉంచాను.

వెళ్ళి రండి మాస్టారూ. అక్కడ ఎవరితోనూ వాదన లేకుండా, కొన్నేళ్ళయినా మనశ్శాంతిగా ఉండండి. నేనొచ్చాక ఎలాగూ కుదరదు.

వీరమ్మ వేలిముద్ర (కింద ఫొటోలో)

సాక్షులు: కోడలు స్వాతి, మాస్టారి అమ్మాయి ఉష