గోడ మీది నంబర్లు

తెలంగాణ వచ్చిన ఏడు మా కాలనీవాళ్లు వేసిన సంచికలో నేనొక వ్యాసం రాశాను. పాత బొగ్గు బాయి దగ్గరి లాంపు రూమును ఎవరినీ ఒక్క మాట అడగకుండా కూల్చేశారని రాశాను. సంచిక ఆవిష్కరణ సభలో నాకు శాలువా కప్పారు. ఆ వ్యాసం అబద్ధం.

బాయిలోకి దిగేముందు కార్మికుడు తన బిళ్ల ఇచ్చి నెత్తికి పెట్టుకునే దీపం తీసుకునే గది అది. ఒక్కొక్కరికి ఒక్కో దీపం, దానికో నంబరు. కప్పు కూలి ఎవరైనా చనిపోతే తోటివాళ్లు అతని నంబరును ఆ గది బయటి గోడ మీద మేకుతో చెక్కేవాళ్లు. పేరుండదు, తేదీ ఉండదు. నాలుగు వందల పన్నెండు మా కాకది. తమ్ముడి ఆ నంబరును ముట్టుకోకుండా మా బాపు ఏ షిఫ్టుకూ దిగలేదు.

నేను హైదరాబాదులో పాత కట్టడాల సంరక్షణ మీద పీజీ చేస్తున్నప్పుడు, మా దగ్గర నేలంతా పైనుంచే తవ్వే ఓపెన్ కాస్టు గని మొదలుపెట్టేముందు కాపాడదగినవి ఏమున్నాయో చూసే సర్వే మా విభాగానికి వచ్చింది. అక్కడివాణ్నని ఆ బాయిని, పక్కనున్న ఊరిని నాకప్పగించారు. అదే నా ప్రాజెక్టు.

టేపు, కెమెరా పట్టుకుని వెళ్తే బాపుతో బాయిలో పనిచేసిన సోపతి ఒకాయన నవ్వాడు. “రాళ్లు సదువుతందుకు పట్నం పోవాల్నారా? ముప్పై ఏండ్లు మేం సదివినయేంది మరి?”

బాపు నవ్వలేదు. ఒక్కో నంబరు మీద వేలు పెట్టి, అది ఎవరిదో, ఏ ఊరివాడో, ఏ షిఫ్టులో పోయాడో చెప్పాడు. ముప్పై ఒక్క మంది. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను.

“మిగిలినయి పోతె పోనీ బిడ్డా. గీ గోడొక్కటి రాయి. నువ్వు రాస్తె ఉంచుతరట గదా.”

ఫారంలో ఏ కాలం, ఏ రాజవంశం అని రెండు గళ్లు. రాజులకు తప్ప చోటు లేని ఆ కాగితం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ దాని చివర ‘ఇతర వివరాలు’ అని అర పేజీ ఖాళీ కూడా ఉంది. దాన్ని ఖాళీగా వదిలింది నేను. తోటివాళ్లకు కోటలు, శాసనాలు దొరికాయి. వాళ్ల ముందు నిలబడి బొగ్గు ఎత్తినవాళ్ల గోడ గురించి చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఎవరూ వద్దనలేదు. మా సారును నేను అడగనే లేదు. ‘గోడపై పిచ్చిగీతలు, కాపాడదగినవి కావు’ అని రాసి సంతకం పెట్టాను. ఊరి బయటి పాడుబడ్డ గుడికి మాత్రం పదకొండు పేజీలు రాశాను. మంచి మార్కులు వచ్చాయి, వాటితోనే ఉద్యోగమూ వచ్చింది. హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు ఆ నోటుబుక్కును పాత కాగితాల్లో వేసేశాను.

శాలువాతో ఇంటికొచ్చేసరికి బాపు ఆ సంచికను ఎవరితోనో చదివించుకుని కూర్చున్నాడు.

“అడగలేదని రాసినవట. అడిగిండ్రు గదరా. నిన్నే అడిగిండ్రు.”

గోడ కూల్చే రోజు ఆయన అడ్డం పోయాడట. ఆఫీసులో నా సంతకమున్న కాగితం చూపించి పంపారట. అన్నేళ్లూ ఆ సంగతి నాతో అనలేదు.

ఆ పేర్లు ఇంకోసారి చెప్పమని, ఈసారి తప్పకుండా రాస్తానని అన్నాను. చెప్పడానికి వేలు ఎత్తాడు, గాలిలో కాసేపు వెతికాడు, దించేశాడు.

“గోడ ముట్టుకుంటెనే యాదికొస్తుండెరా.”

కాక నంబరు ఒక్కటే ఇద్దరికీ గుర్తుంది.