ఏడో గడిలో టిక్కు

2019 మార్చి 12, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు నా బల్ల మీది ఫోన్ మోగింది. అప్పటికి నేను ఇర్వింగ్‌లో, లాస్ కొలీనాస్ ప్రాంతంలోని ఒక మందుల రవాణా సంస్థలో పదకొండేళ్ళుగా రిలీజ్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. రిలీజ్ మేనేజర్ ప్రోగ్రాములు రాయడు. ఇతరులు రాసిన ప్రోగ్రాము పనిలోకి దిగే ముందు, జరగవలసిన పరీక్షలన్నీ జరిగాయని చూసి చివరి సంతకం పెడతాడు. ఆ సంతకం కాగితం మీద ఉండదు. తెర మీద పదకొండు గళ్ళున్న ఫారం ఒకటి వస్తుంది. ఒక్కొక్క గడి పక్కన ఒక్కొక్క వాక్యం ఉంటుంది. పదకొండింటిలోనూ నేను టిక్కు పెడితేనే ప్రోగ్రాము కదులుతుంది. ఏడో గడి పక్కనున్న వాక్యం ఇది: బయటి లైబ్రరీలలో వచ్చిన మార్పుల పత్రం చదివాను.

ఫోన్ చేసినది మా గోదాము డాక్ సూపర్‌వైజర్ లూపే. తెల్లవారి నుంచి వచ్చిన ట్రక్కులలో సగానికి పైగా దించడం కుదరక నిలిచిపోయాయని ఆమె చెప్పింది. ఇన్సులిన్, టీకాల వంటివి చల్లని ట్రక్కులలో వస్తాయి. ప్రతి ట్రక్కులోనూ ఒక రికార్డర్ ఉంటుంది. కొన్ని నిమిషాలకొకసారి ఉష్ణోగ్రతనూ సమయాన్నీ రాసిపెడుతుంది. ట్రక్కు చేరగానే మా ప్రోగ్రాము ఆ ఫైలు చదువుతుంది. ఫార్మసిస్టు దానిని చూసి అనుమతిస్తేనే సరుకు దిగుతుంది. ఆ ఉదయం పాత రికార్డర్లున్న ట్రక్కుల ఫైళ్ళను ప్రోగ్రాము చదవనని తిరస్కరిస్తోంది. ముందురోజు సాయంత్రమే కొత్త వెర్షన్‌ను పనిలోకి దింపాము. ఆ ఫారంలో పదకొండు టిక్కులూ నావే.

వెనక్కి వెళ్ళి పాత వెర్షన్ పెట్టుకోవచ్చు కదా అని పాఠకులకు అనిపించవచ్చు. అప్పుడు కొత్త రికార్డర్లున్న ట్రక్కులు ఆగిపోతాయి. వాటి కోసమే కొత్త వెర్షన్ తీసుకున్నాము.

ఫైలు చదివే భాగం మేము రాసినది కాదు. జర్మనీలోని ఒక చిన్న ఊళ్ళో రైనర్ అనే ఆయన రాసి, ఎవరైనా వాడుకోవచ్చునని, ఎవరైనా లోపలి రాత చూసి దిద్దుకోవచ్చునని ఉచితంగా ఇచ్చినది; ఇలాంటి భాగాన్నే లైబ్రరీ అంటారు. ఆయన పగలు ఒక వృత్తివిద్యా పాఠశాల ప్రయోగశాలలో సాంకేతిక సహాయకుడు. ఆయన లైబ్రరీ మీద మావంటి సంస్థలు ఎన్ని నడుస్తున్నాయో ఆయనకూ తెలియదు.

మా డైరెక్టర్ క్రెయిగ్ పది గంటలకు అందరినీ ఒక కాల్‌లోకి పిలిచాడు. సమస్యను మొదటి తరగతి ప్రమాదంగా ప్రకటించి, వెంటనే వెండర్ మీద ఒత్తిడి తెమ్మన్నాడు. లైబ్రరీని కొత్త వెర్షన్‌కి మార్చిన ప్రోగ్రామర్ ప్రవీణ్ అప్పటికే రైనర్‌కి రెండు ఉత్తరాలు పంపాడు. ప్రవీణ్‌ది కరీంనగర్, ఇరవై తొమ్మిదేళ్ళవాడు, హెచ్‌వన్ వీసా మీద ఉన్నాడు. మూడో ఉత్తరం క్రెయిగ్ స్వయంగా రాశాడు. గంటలోపు పరిష్కారం కావాలని, లేకుంటే పైవారికి తెలియజేయవలసి వస్తుందని అందులో ఉంది.

"ఈ మనిషి మేనేజర్ ఎవరు? అతని నంబర్ పట్టుకోండి," అన్నాడు క్రెయిగ్.

ప్రవీణ్ మైక్ మ్యూట్ చేసి నావైపు తిరిగాడు. "మేనేజర్ ఎవ్వరు లేరు మేడమ్. ఆయన ఒక్కడే ఉన్నడు. ఫోన్ కూడ ఉన్నట్టు లేదు. ఈయనకి ఎట్ల చెప్పాలె?"

రైనర్ సంగతి నాకు కొంత తెలుసు. ఆయన మెయిలింగ్ లిస్ట్‌లో ఆరేళ్ళుగా నా పేరు ఉంది. మెయిలింగ్ లిస్ట్ అంటే, ఒకరు రాసిన ఉత్తరం చేరినవారందరికీ వెళ్ళే పాత పద్ధతి. ఆయన వెబ్‌పేజీలో బొమ్మలు లేవు, రంగులు లేవు; ఎంతమంది చూశారో చెప్పే అంకె లేదు. 'ఈ పేజీ మిమ్మల్ని లెక్కపెట్టదు' అని మొదటి వరుసలోనే ఉంటుంది. కింద ఆయన అభిప్రాయాలు ఇలా ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌కి కూడా పూర్తయిన రోజంటూ ఒకటి రావాలి. చాట్‌లో ఇచ్చిన జవాబు సాయంత్రానికి ఎవరికీ దొరకదు. లిస్ట్‌లో ఇచ్చినది పదేళ్ళ తరువాత వచ్చిన అపరిచితునికీ దొరుకుతుంది. మీకు నచ్చిందని నాకు పైకెత్తిన బొటనవేలి బొమ్మ పంపనక్కరలేదు. పనిచేయకపోతే మాత్రం రాయండి. ఆన్‌లైన్‌లో మర్యాద అంటే నవ్వు ముఖాలు పెట్టడం కాదు, ఎదుటివాడు రాసింది చివరిదాకా చదవడం. ఇవన్నీ చేరిన కొత్తలో చదివి, నాకు నచ్చి, ఆ తరువాత మరచిపోయాను.

ఆయన ఉత్తరాలు చూసేది రోజుకొకసారి, తమ ఊరి సమయం ఐదు గంటలకు. మామూలుగా మాకూ వారికీ ఏడు గంటల తేడా. కానీ రెండు రోజుల క్రితమే, ఆదివారం, మా దేశంలో వేసవి కోసం ఏటా చేసినట్టే గడియారాలు గంట ముందుకు జరిగాయి; వారివి ఇంకా జరగలేదు గనుక తేడా ఆరు గంటలే. అందుచేత పదకొండు గంటలకు జవాబు రావచ్చునని చెప్పాను. ఎవరో పెద్దమనిషి తీరిక కోసం మందులు ఎదురు చూడాలా అని క్రెయిగ్ అడిగాడు. వేరే దారి ఏమైనా ఉందా అని నేను అడిగాను. ఆయన కాల్ నుంచి వెళ్ళిపోయాడు.

పదకొండు దాటిన నాలుగు నిమిషాలకు లిస్ట్‌లో రైనర్ జవాబు కనిపించింది. మీ సంస్థ నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. ప్రతిదాని కిందా ఇది రహస్యమనీ, మీకు ఉద్దేశించినది కాకపోతే చదవకుండా తుడిచివేయమనీ పదహారు వరుసలు ఉన్నాయి. ఇది అందరూ చదివే లిస్ట్ గనుక ఆ ఉత్తరాలు మాలో ఎవరికీ ఉద్దేశించినవి కావని భావించి, మీ ఆజ్ఞ ప్రకారం తుడిచివేశాను. అంతే.

ఆ పదహారు వరుసలు మా కంపెనీ సర్వర్ తనంతట తాను ప్రతి ఉత్తరానికీ తగిలిస్తుంది. అవి అక్కడ ఉన్న సంగతే మేము గమనించడం మానేసి ఏళ్ళయింది. ప్రవీణ్ అంత భయంలోనూ నవ్వాడు. "తీస్కోండి మేడమ్! మన లీగల్ వాళ్ళ మాట విన్న మొదటి మనిషి ఈయనే."

నేను క్రెయిగ్ అనుమతి తీసుకుని, ఆ వరుసలు పడకుండా నా సొంత ఈమెయిల్ నుంచి, రైనర్ తన వెబ్‌పేజీలో చెప్పిన పద్ధతిలో రాశాను: ఏం చేశాము, ఏం జరుగుతుందనుకున్నాము, ఏం జరిగింది. ఫైలులోని ఒక వరుసను నమూనాగా ఇచ్చాను. ఒత్తిడి మాటలు రాయలేదు. చివర మాత్రం, ట్రక్కులలో ఉన్నవి మందులని ఒక వాక్యం చేర్చాను.

ఇరవై నిమిషాలలో జవాబు వచ్చింది. అది పొడుగైన ఉత్తరం; అలసిపోయిన మనిషి రాసిన ఉత్తరం. సారాంశం ఇది. మీ పాత రికార్డర్లు గంట రాస్తాయి కానీ, అది ఏ ప్రాంతపు గంటో రాయవు. ఇంతకాలం నా ప్రోగ్రాము దానిని, తాను నడుస్తున్న కంప్యూటర్ ఉన్న ప్రాంతపు గంటేనని అనుకునేది. అది చదవడం కాదు, ఊహించడం. మర్యాదగా ఊహించే యంత్రం కంటే మొరటుగా ఆగిపోయే యంత్రం నయం. అందుకే తీసేశాను. తీసేస్తున్నానని జూలైలో ఈ లిస్ట్‌లోనే రాసి, అభ్యంతరాల కోసం ఎనిమిది నెలలు ఆగాను. ఫిన్లాండ్ నుంచి ఒకరు కృతజ్ఞత చెప్పారు. మరెవరూ ఏమీ అనలేదు. మనుషులు స్పందించడం బాగా నేర్చుకున్నారు, చదవడం మానేశారు. నాకు అరవై ఒక్కేళ్ళు. పగలంతా బడిలో పనిచేసి సాయంత్రం ఈ ఉత్తరాలు చూస్తాను. ఏటేటా వాటిలో కేకలు పెరుగుతున్నాయి. మీ ఉత్తరంలో కేక లేదు గనుక దారి చెబుతున్నాను. సెట్టింగులలో ఒక వరుస చేర్చి, ఆ గంట ఏ ప్రాంతానిదో మీరే ప్రకటించవచ్చు. దాని పక్కన ప్రకటించినవారి పేరు తప్పనిసరి. పేరు ఖాళీగా ఉంటే ప్రోగ్రాము నడవదు. ఊహ మీదైతే పేరు కూడా మీదే ఉండాలి.

ఉత్తరం చదివి, రికార్డర్ల గడియారాలను ఆదివారం గంట ముందుకు జరిపారా అని లూపేకి ఫోన్ చేసి అడిగాను.

ఆమె నవ్వింది. "వాటిని ఎవరు ముట్టుకుంటారమ్మా? ఫ్యాక్టరీలో చలికాలం టైమ్ పెట్టి పంపారు. నేను వచ్చిన తొమ్మిదేళ్ళలో ఒక్కరూ తిప్పలేదు."

అంటే ఏటా మార్చి నుంచి నవంబరు దాకా మా కంప్యూటర్లు వేసవి గంటలోనూ రికార్డర్లు చలికాలపు గంటలోనూ నడిచి, మా రికార్డులలో పడినవన్నీ ఒక గంట తేడాతో పడ్డాయి. ఉష్ణోగ్రతలు సరైనవే, ట్రక్కు ఎంతసేపు చల్లగా ఉందన్న లెక్కా సరైనదే; మందులకు హాని లేదు. కానీ చట్టం అడిగే రికార్డులో గంట తప్పు. ఆ రికార్డులు రాసిన ప్రతి వెర్షన్‌నూ అనుమతించినది నేనే.

అప్పుడు నా ఈమెయిల్‌లో జూలై ఉత్తరం కోసం వెతికాను. లిస్ట్ నుంచి వచ్చేవన్నీ ఒక ఫోల్డర్‌లోకి వెళ్ళిపోయేలా నేనే ఏర్పాటు చేసుకున్నాను. ఆ ఫోల్డర్‌లో వేల ఉత్తరాలు ఉన్నాయి. చదవనివాటి పేర్లు ముద్దక్షరాలలో కనిపిస్తాయి; అన్నీ ముద్దక్షరాలే. జూలైది కూడా.

ఇంకొక సంగతి రాయాలి. అంతకు ముందు గురువారం ప్రవీణ్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. "విమల గారూ, జర్మన్ ఆయన చేంజ్ నోట్స్ మీరు చూసిన్రా? నేను ఫార్మాట్ వరకే చూసిన. మిగిలింది మీరు చూస్తే ఫారం సబ్మిట్ చేస్త." చూశానని చెప్పాను. చూడలేదు. ఆ వారం నా చేతిలో ఆరు రిలీజులు ఉన్నాయి. అలసిపోయి ఉన్నాను. అది కారణమే గాని సమర్థన కాదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు క్రెయిగ్ మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. పరిష్కారం దొరికిందని చెప్పగానే ఆయన ముఖం తేటపడింది. పేరు గడి సంగతి చెప్పాను. "ప్రవీణ్ పేరు పెట్టేయండి. మార్చింది అతనే కదా. రిపోర్టులో కూడా అదే రాద్దాం: డెవలపర్ నోట్స్ చదవకుండా మార్చాడు," అన్నాడు. కోపంగా అనలేదు, కాఫీ తెమ్మన్నంత మామూలుగా అన్నాడు.

మొదటి తరగతి ప్రమాదానికి కారణంగా ఒకరి పేరు రిపోర్టులోకి ఎక్కితే ఏమవుతుందో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. ఉద్యోగం పోయిన హెచ్‌వన్ మనిషికి ఈ దేశంలో మిగిలేవి అరవై రోజులు. గురువారం నేనేం చెప్పానో ప్రవీణ్‌కి గుర్తుంది; అది గుర్తు చేయడానికి అతనికి నోరు రాలేదు. నేను వయసులో పెద్దదాన్ని, మన భాష మనిషిని. మనవాళ్ళ మధ్య ఆ మొహమాటం ఎంత బలమైనదో నాకు తెలుసు. నేను మాట్లాడకపోతే అతను మాట్లాడడు. నా తప్పు క్షేమంగా దాగిపోతుంది.

మా నాన్నకు చదువు రాదు. పొగాకు ఆరబెట్టే బేరన్ల దగ్గర పనిచేసేవాడు. కాగితం మీద వేలిముద్ర వేయవలసి వచ్చినప్పుడు, మొత్తం చదివించుకుని గాని వేసేవాడు కాదు. అవతలివాడు ఎంత తొందరపెట్టినా, "మా అమ్మాయి బడి నుంచి రానీ," అనేవాడు. నాలుగో తరగతి నుంచి ఆ చదివే పని నాదే. మా ఇంట్లో డిగ్రీ పుచ్చుకున్న మొదటి మనిషిని నేను. చదవకుండా సంతకం పెట్టిన మొదటి మనిషిని కూడా నేనే.

ఏడో గడిలో టిక్కు నాదని, ప్రవీణ్ అడిగినప్పుడు చూశానని అబద్ధం చెప్పానని, పాత రికార్డులలోనూ గంట తేడా ఉందని క్రెయిగ్‌కి వరుసగా చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "మూడో సంగతి ఎవరూ అడగలేదు, విమలా. రెండేళ్ళలో రిటైర్ అవుతున్నావు. ఆలోచించుకున్నావా?" అన్నాడు. ఆలోచించడానికి ఏమీ మిగలలేదని చెప్పాను.

ఒంటిగంటా నలభైకి సెట్టింగులో చలికాలపు గంటను ప్రకటించి, పక్కన నా పూర్తి పేరు రాశాను. రెండు గంటలకు మొదటి ట్రక్కు తలుపు తెరిచారని లూపే చెప్పింది. కారిడార్‌లో ప్రవీణ్ నా వెనకే వచ్చాడు.

"మీరెందుకు చెప్పిన్రు మేడమ్? నేను అననే లేదు గద."

"అందుకే చెప్పాను," అన్నాను. "నువ్వు అనాల్సింది. ఇంకోసారి ఎవరైనా చూశానంటే, ఎక్కడ చూశారో చూపించమను."

"మిమ్మల్నా?"

"నన్ను ముందు."

రైనర్‌కి కృతజ్ఞత తెలుపుతూ రాశాను. కృతజ్ఞత అవసరం లేదని, అయితే నా జవాబును ఆయన ఉత్తరానికి పైన కాక కింద రాయాలని, చదివేవారికి అదే క్రమమని సమాధానం వచ్చింది. ఆయన అభిప్రాయాలన్నిటితో నేను ఏకీభవించను. పద్ధతి తెలియని కొత్తవారిని ఆయన మొరటుతనం తరిమేస్తుంది. లూపే వంటి మనిషి ఆ లిస్ట్‌లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. కానీ పేరు లేని ఊహ నడవకూడదన్న ఆయన నియమం సరైనదే. నా ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో నేను చూసిన తప్పులలో తెలియక చేసినవి కొన్ని. చదివే ఉంటారని ఒకరి గురించి ఒకరు ఊహించుకున్నవే ఎక్కువ.

ఆ తరువాత జరిగినవి ఇవి. పాత రికార్డులన్నిటికీ సవరణ పత్రం జతచేయడానికి ఐదు నెలలు పట్టింది. ఆ పని నాకే అప్పగించారు. చివరి సంతకం అధికారం నా నుంచి తీసి మరొకరికి ఇచ్చారు. ప్రవీణ్ ఉద్యోగం నిలిచింది. ఏడాదిన్నర తరువాత అతను వేరే సంస్థకు మారి మా పక్క ఊరు కాపెల్‌లో స్థిరపడ్డాడు. నేను 2021 జూన్‌లో పదవీ విరమణ చేశాను. ఫారంలో ఏడో గడి ఇప్పుడు లేదు. దాని స్థానంలో ఖాళీ జాగా ఉంది. చదివినవారు తాము చదివినదేమిటో మూడు వాక్యాలలో తమ మాటల్లో రాసి, కింద పేరు పెట్టాలి.