ఇరవై రెండు మిల్లీమీటర్ల లోతులో

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో నేను చేరిన ఫ్యాక్టరీలో మందుల కంపెనీలకు కావలసిన ఉక్కు పాత్రలు తయారయ్యేవి. ఒక్కో పాత్ర ఒక గది అంత ఉంటుంది. లోపల వేడి, ఒత్తిడి, ఘాటైన రసాయనాలు. మందపాటి ఉక్కు పలకలను గుండ్రంగా వంచి, అంచులు కలిపి వెల్డింగ్ చేస్తారు. ఆ అతుకు లోపల ఎక్కడైనా లోపం మిగిలిపోయిందా అని చూడటం నా పని. కోసి చూడటానికి లేదు. శబ్దం పంపి చూడాలి.

మా ఇల్లు ముత్తంగి దగ్గర. నాన్న వ్యవసాయం చేసేవాడు, భూమి తగ్గాక ఒక గోదాములో పనికి చేరాడు. సంగారెడ్డిలో ఫిజిక్స్‌తో డిగ్రీ చదివి, కొన్ని వారాల శిక్షణ తీసుకుని నేను ఈ పనికి వచ్చాను. చేరిన కొత్తలో ఒకరోజు అన్నం వడ్డిస్తూ అమ్మ అడిగింది.

"గాడ నువ్వు చేసేదేందే? ఇనుముకు చెవి ఆనిచ్చి వింటవా?"

"చెవికి వినబడదమ్మా గది. శానా సన్నటి శబ్దం. మిషనే పంపుతది, మిషనే వింటది."

"వినబడనిదాన్ని శబ్దమని ఎట్లంటరే?"

మంచి ప్రశ్న. డిగ్రీ మూడేళ్లలో నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు. పక్కనున్న స్టీలు బిందె మీద గరిటెతో కొట్టి, అమ్మ అరచేయి తీసుకుని దానికి ఆనించాను. మోత ఆగిపోయే లోపు చేతికి జుమ్మని తగిలింది.

"గా వణుకే శబ్దమమ్మా. ఒక రేణువు పక్క రేణువును నూకుతది, అది ఇంకోదాన్ని నూకుతది. గట్ల పోతనే ఉంటది. సెకనుకు ఇరవై వేల సార్ల దాకా వణికితే మనకు వినబడుతది. నా మిషన్ నలభై లక్షల సార్లు వణికిస్తది."

అమ్మ చేయి తీసేసి చూసుకుంది. "నలభై లక్షలా! మరి ఇనుము పగలదా?" అంది. పగలదని చెప్పాను. ఆ తర్వాత ఎవరడిగినా మా అమ్మ నా పని గురించి సగర్వంగా, చాలావరకు సరిగానే చెప్పేది.

నా చేతిలో ఉండే పనిముట్టు పేరు ప్రోబ్. అగ్గిపెట్టె కంటే చిన్నది. ఉక్కు మీద జెల్లీలాంటి పూత పూసి దాన్ని ఆనించాలి, ఎందుకంటే మధ్యలో వెంట్రుకవాసి గాలి ఉన్నా ఆ శబ్దం దాటదు. ఉక్కులోకి దిగిందా, ఇక దాని వేగం చెప్పనలవి కాదు. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఒకే ఉక్కు కడ్డీ పరిచి ఇక్కడ సుత్తితో కొడితే, ఆ కదలిక అక్కడికి ఐదు సెకన్లలో చేరిపోతుంది. గాలిలో అదే దూరానికి నిమిషం దాటుతుంది. బస్సు సంగతి సరేసరి. దారిలో పగులో, బోలుగా ఉన్న చోటో తగిలితే శబ్దం వెనక్కి తిరిగి వస్తుంది. అప్పుడు తెర మీద కొండలా ఒక గీత లేస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోపం ఎంత లోతున ఉందో మిల్లీమీటర్లలో చెప్పవచ్చు. ఊహలకు చోటు లేని పని కాబట్టే నాకు అది నచ్చింది.

మా వెల్డింగ్ షెడ్డులో పెద్ద వెల్డర్ ఒకాయన ఉండేవాడు. కోస్తా వైపు నుంచి చిన్న వయసులో ఇక్కడి ప్రభుత్వరంగ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసి, తర్వాత మా దగ్గర చేరాడు. అందరూ ఆయన్ను మేస్త్రిగారు అనేవాళ్లు, నేనూ అంతే. ఆయన వేసిన అతుకు పైనుంచి చూస్తే అల్లిన జడలా ఉండేది. బీహార్ నుంచి వచ్చిన వెల్డర్లు ఆయన పని అయ్యాక దగ్గరికి వెళ్లి ఫోన్లతో ఫోటోలు తీసుకునేవాళ్లు. నేను చేరిన మొదటి ఏడాదంతా ఆయన అతుకుల్లో ఒక్క గీత కూడా లేవలేదు.

రెండో ఏడాది వేసవిలో బొంతపల్లి దగ్గరి ఒక మందుల ఫ్యాక్టరీకి వెళ్లాల్సిన పాత్ర తయారైంది. నలభై మిల్లీమీటర్ల మందం. ఎక్స్‌రే ఫిలిం శుభ్రంగా వచ్చింది. నా పరీక్ష ఒక్కటే మిగిలింది. ఉదయం పదకొండింటికి నిలువు అతుకు మీద ప్రోబ్ నడిపిస్తుంటే తెర మధ్యలో గీత నిటారుగా లేచింది. వెనక్కి జరిపాను, పడిపోయింది. ముందుకు తెచ్చాను, మళ్లీ లేచింది. ఇరవై రెండు మిల్లీమీటర్ల లోతు. పొడవు నా మధ్యవేలంత. పసుపు సుద్దముక్కతో ఆ చోట గీసి, మా క్వాలిటీ ఇన్‌చార్జికి చెప్పాను. ఆయన సంగారెడ్డి మనిషి, మంచివాడే కానీ తొందర ఎక్కువ.

"ఏందమ్మా గిది? ఎక్స్‌రే సాఫ్ వచ్చింది గదా! శనివారం నీళ్లు నింపి ప్రెషర్ టెస్టు పెట్టుకున్నం. జెర మల్లొక్కసారి చూడు."

"చూస్త సార్. కానీ గది ఆడనే ఉంటది."

మళ్లీ చూశాను. మరో కోణం ప్రోబ్‌తో చూశాను, అతుకు అవతలి పక్క నుంచి చూశాను. లెక్క మారలేదు. ఈలోగా కబురు మేస్త్రిగారికి చేరింది. నల్ల అద్దమున్న హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చి, సుద్ద గీత వైపు చాలాసేపు చూశాడు.

"ఏమ్మా, నా జాయింటు తెరవమన్నావంట?"

"అవును సార్."

"ఇన్నేళ్లలో నా జాయింటు తెరిపించినవాళ్లు లేరు. ఎక్స్‌రేలో కనపడంది నీ డబ్బాలో ఎలా కనపడిందో చెప్పు."

ఆ గొంతులో కోపం ఉంది, కానీ అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను సుద్దతో అక్కడే నేల మీద బొమ్మ గీశాను. రెండు పలకల అంచులను ఏటవాలుగా చెక్కి, మధ్యలో లోహం నింపుతారు. నింపిన లోహం ఆ ఏటవాలు గోడకు కరిగి అంటుకోకపోతే, అక్కడ కాగితంలాంటి సందు మిగులుతుంది.

"ఎక్స్‌రే పైనుంచి నిలువుగా దిగుతది సార్. సందు ఏటవాలుగ ఉన్నది, కాగితమంత సన్నగ ఉన్నది. ఎక్స్‌రేకు అడ్డం పడేది ఏముంటది? ఫిలిం మీద నీడనే రాదు. నా శబ్దం ఏటవాలుగ పోతది. పలక అడుగుకు తగిలి పైకి మల్లి, గా గోడను సక్కగ ఎదురుంగ కొడుతది. అందుకే అంత గట్టిగ తిరిగొచ్చింది."

ఆయన బొమ్మను చూశాడు. చుట్టూ అప్పటికే పది మంది చేరారు. ఇన్‌చార్జి గొంతు తగ్గించి అన్నాడు, "తెరిచినంక ఏం లేకపోతే ఎట్లమ్మా?"

"లేకపోతే గిందరి ముందల తప్పు నాదే అని ఒప్పుకుంట సార్. కానీ ఉంటది."

మేస్త్రిగారు హెల్మెట్ పక్కన పెట్టి, "తెరవండి," అన్నాడు.

అతుకును పైనుంచి పొరలు పొరలుగా తొలిచే మనిషి వచ్చి పని మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు, చెవులు చిల్లులు పడే మోత. పది మిల్లీమీటర్లు దిగాక ఆపి, రుద్ది, చూశారు. ఏమీ లేదు. పదిహేను. ఏమీ లేదు. పద్దెనిమిది దగ్గర కూడా ఉక్కు అద్దంలా మెరుస్తోంది. వెనక ఎవరో నవ్విన చప్పుడు వినిపించింది. ఇన్‌చార్జి నా మొహంలోకి చూశాడు.

"ఇంక నాలుగు మిల్లీమీటర్లున్నది సార్," అన్నాను. ఆ ఉదయమే కొలత తెలిసిన దిమ్మె మీద మిషన్‌ను సరిచూసుకున్నాను. ఆ దిమ్మె, ఆ లెక్క నాకు అబద్ధం చెప్పవు.

ఇరవై దాటాక గ్రైండర్‌తో జాగ్రత్తగా అరగదీశారు. ఎర్రరంగు ద్రవం చల్లి, కాసేపాగి తుడిచి, పైన తెల్లటి పొడి కొట్టారు. పగులేదైనా ఉంటే దానిలోకి ఇంకిన ఎర్రరంగు తెలుపులోకి పైకి వస్తుంది. మేమంతా వంగి చూస్తున్నాం. ముందు ఒక చుక్క. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే చుక్కలన్నీ కలిసి ఎడమ గోడ వెంట వేలెడు పొడవున ఎర్రగీత తేలింది.

నాకు గెలిచిన ఆనందం కలగాలి, కలిగింది కూడా. కానీ మేస్త్రిగారు వేలితో ఆ గీతను తడుముతుంటే అది ఎక్కువసేపు నిలవలేదు. ఆయన లేచి, "వెల్డింగ్ రాడ్లు వేడిచేసి పెట్టండి, నేనే పూడుస్తాను," అని మాత్రం అన్నాడు. పూడ్చాడు. మర్నాడు పరీక్షించాను, ఆ చోట ఏమీ మిగల్లేదు. శనివారం నీళ్ల పరీక్ష కూడా అయిపోయింది.

కథ అక్కడితో అయిపోలేదు. తర్వాత నెలన్నరలో ఆయన అతుకుల్లో మరో మూడు చోట్ల గీతలు లేచాయి. అన్నీ చిన్నవే, వేరే పాత్రల్లో. నేను రాసుకునే నోటుపుస్తకంలో వాటిని పక్కపక్కన గీసి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. నాలుగూ ఆయన కూర్చునే వైపు నుంచి చూస్తే ఎడమ గోడ మీదే ఉన్నాయి. చేయి అదుపు తప్పితే లోపాలు రెండు పక్కలా వస్తాయి. ఒకే పక్క వస్తున్నాయంటే అది చేతి సంగతి కాదు.

రెండు రోజులు ఆయన పనిచేస్తుంటే దూరం నుంచి, నల్ల అద్దం అడ్డుపెట్టుకుని గమనించాను. తల ఎప్పుడూ ఒక పక్కకు వంచి ఉంచుతున్నాడు. కుడికన్నుతోనే చూస్తున్నాడు. కాంతి నేరుగానే ప్రయాణిస్తుంది, వంగి రాదు. కుడి నుంచి చూసేవాడికి ఎడమ గోడ రాడ్డు వెనక దాక్కుంటుంది.

టీ సమయంలో ఆయన ఒక్కడే షెడ్డు బయట నీడలో ఉంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"సార్, ఒక్క మాట అడుగుత. తప్పుగ అనుకోకండ్రి. కుడికన్ను మూసి, గా లారీ మీది నంబరు చదవండ్రి."

ఆయన నా వైపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కుడికన్ను మూసి లారీ వైపు తిరిగాడు. ఎడమకన్ను చిట్లించాడు.

"లారీ కనపడుతోందమ్మా. నంబరు లేదు."

"ఎన్ని రోజుల సంది గిట్లున్నది?"

"ఏడాది అయ్యుంటుంది. పొగ అనుకున్నాను. అద్దం మురికనుకున్నాను. మూడుసార్లు అద్దం మార్చాను." టీ గ్లాసు పక్కన పెట్టి అన్నాడు, "రాడ్డు కొసన ఆర్క్ మంట చుట్టూ గుడి కట్టినట్టు వెలుగు కనపడేది. చంద్రుడి చుట్టూ ఉంటుందే, అలాగ. దాని వెనక గోడ అంచు ఎక్కడో తెలిసేది కాదు."

కంటి లోపలి కటకం మసకబారితే వెలుగు సూటిగా వెళ్లకుండా చెదిరిపోతుందని, అందుకే అలా కనిపిస్తుందని నాకు తెలిసినంత చెప్పాను. "శుక్లం అయ్యుంటది సార్. ఆపరేషన్‌తోని మంచిగైతది. మా నాయినమ్మకు అయింది."

"తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయపడ్డాను," అన్నాడు, నేల చూస్తూ.

"తెల్వకపోతే ఇంకా పరేషాన్ సార్. గా పాత్రల పక్కన మనుషులు పనిచేస్తరు."

ఆ మాటకు ఆయన తలూపాడు. ఆ మధ్యాహ్నమే తానే వెళ్లి ఇన్‌చార్జికి చెప్పాడు. నేను చెప్పాల్సి రాలేదు, అందుకు ఇప్పటికీ సంతోషమే. ఇన్‌చార్జి ఆయన్ను తీసేయలేదు, సెలవిచ్చి పంపాడు. మేస్త్రిగారి గత ఏడాది అతుకుల్లో షెడ్డులో ఇంకా ఉన్నవాటన్నింటినీ నాతో మళ్లీ పరీక్ష చేయించాడు. వారం పట్టింది. ఒక్కచోట, అంతకుముందు ఎక్స్‌రే మాత్రమే తీసిన అతుకులో, దొరికింది, దాన్నీ సరిచేశారు.

నెల దాటాక మేస్త్రిగారు తిరిగొచ్చాడు. వస్తూనే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"అమ్మాయ్, ఆసుపత్రిలో నా కంటి మీద కూడా నీ ప్రోబే పెట్టారు! చుక్కలమందు వేసి, పెన్నులాంటిది ఆనించారు. తెర మీద ఒకదాని పక్కన ఒకటి గీతలు లేచాయి. ఏమిటండీ అంటే, శబ్దం పంపి కన్ను పొడవు కొలుస్తున్నాం, దాన్నిబట్టి లోపల పెట్టే కటకం ఎంతదో లెక్క కడతాం అన్నారు. నాకు తెలుసండీ, వెనక గోడ నుంచి తిరిగొచ్చిందే కదా ఆ చివరి గీత అన్నాను. కొలుస్తున్న పిల్ల తెల్లబోయి చూసింది."

ఇద్దరం గట్టిగా నవ్వాం. నిబంధన ప్రకారం ఆయన మళ్లీ నమూనా ముక్క ఒకటి వెల్డింగ్ చేసి చూపించాలి. చేశాడు. నేను రెండు పక్కల నుంచీ, మూడు కోణాల్లోనూ చూశాను, మామూలుగా కంటే ఎక్కువసేపే. ఎడమ గోడ కూడా శుభ్రంగా ఉంది. కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నాకు ఏ మొహమాటమూ లేదు. లోపం ఉంటే ఉందనే రాసేదాన్ని, అది ఆయనకూ తెలుసు.

అప్పటి నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక అప్పుడప్పుడు వచ్చి నా మిషన్ ముందు కూర్చునేవాడు. ఒకసారి అడిగాడు, ప్రోబ్‌లోని ప్లాస్టిక్ ముక్క నుంచి ఉక్కులోకి వెళ్లేటప్పుడు శబ్దం ఎందుకు దారి మళ్లుతుందని. నాకు మా పొలం గుర్తొచ్చింది, అదే చెప్పాను. బురదలోంచి ట్రాక్టరు ఏటవాలుగా తారురోడ్డు ఎక్కుతుంటే, ముందు రోడ్డు మీదికొచ్చిన చక్రం వేగం అందుకుంటుంది, రెండోది ఇంకా బురదలోనే ఈడుస్తుంది. బండి మొత్తం ఒక పక్కకు తిరిగిపోతుంది. ప్లాస్టిక్‌లో శబ్దం నెమ్మది, ఉక్కులో వేగం. ఇదీ అంతే. వెలుగు గాలిలోంచి నీళ్లలోకి పోయేటప్పుడు వంగేదీ ఇలాగే, కాకపోతే అక్కడ రోడ్డు మీదినుంచి బురదలోకి దిగినట్టు.

ఆయన ఇంకేమీ అడగలేదు. మరుసటి వారం కొత్తగా చేరిన వెల్డర్లను చుట్టూ నిలబెట్టుకుని, హిందీ తెలుగు కలిపి అదంతా వివరిస్తుంటే అటుగా వెళ్తూ ఆగాను. బాగా చెబుతున్నాడు, నాకంటే బాగా. కానీ ఒకచోట ప్లాస్టిక్‌లోనే శబ్దం వేగంగా పోతుందన్నాడు.

"ఉక్కులో వేగం సార్, ప్లాస్టిక్‌లో నెమ్మది," అన్నాను, అందరికీ వినపడేలా.

"అదే. ఉక్కులో వేగం," అని దిద్దుకుని, ఆయన తన బొమ్మలో బాణం గుర్తు చెరిపి మళ్లీ గీశాడు.