నా నవ్వుకు కదిలిన మంద

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. సూర్యాపేట దగ్గర గొర్రెలు కాసే ఇంటికి కొత్తగా కాపురానికొచ్చాను. నవ్వొస్తే ఆపుకోలేకపోవడం నా జబ్బు.

ఒకరోజు సహాయ సంఘం పెద్దమనిషి వచ్చి మా మామతో, "నీ గొర్లను ఒక్కపూట కిరాయికియ్యి మల్లయ్యా, పొద్దుగూకే లోపట తెచ్చిస్తం" అన్నాడు. కొత్తవాళ్లు తోలితే అవి కదలవని, వచ్చిన నాటి నుంచీ వాటిని మేపుతున్న నన్నూ లారీలో మిర్యాలగూడకు తీసుకెళ్లారు. దిగాక తెలిసింది సంగతి. మగదిక్కు లేని ఆడవాళ్లకు సంఘం పంచిన గొర్రెలు ఇవేనని, హైదరాబాదు నుంచి వచ్చిన చందాలిచ్చే అమ్మగారికి చూపిస్తారట! నన్ను లారీ చాటున దాక్కోమన్నారు.

"అంజమ్మా, నీ గొర్లను పిలువు, సూస్త" అంది అమ్మగారు.

గొర్రెలు అందాయని చెప్పించడానికి నిలబెట్టిన అంజమ్మ నాట్లకు పోయే కూలి మనిషి. పాపం, కోళ్లకు గింజలేసేటప్పుడు పిలిచినట్టు పిలిచింది. ఒక్క గొర్రె కూడా తల తిప్పలేదు.

"గట్టిగ పిలువవే!" అన్నాడు పెద్దమనిషి, చెమటలు తుడుచుకుంటూ.

నోట్లో కొంగు కుక్కుకున్నా లాభం లేకపోయింది. పకపకా నవ్వేశాను. నా గొంతు వినగానే మంద మందంతా పెద్దమనిషిని తోసుకుంటూ వచ్చి నన్ను చుట్టేసింది! ఇక జైలే అనుకున్నాను.

"ఇగ నువ్వేం చెప్పకు. గొర్లే చెప్పినయి" అని అమ్మగారు అతణ్ణి కసిరి, నన్ను చూసి తానూ నవ్వేసింది. ఆ సాయంత్రమే దగ్గరుండి, సంఘం డబ్బుతో మా మందలోంచే అంజమ్మకు నిజంగా గొర్రెలు కొనిపించింది. వాటిని పిలవడం నేనే నేర్పాను.

జనం గొర్రెల్లా నమ్ముతారని ఎవరైనా అంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మా గొర్రెలు నమ్మలేదు మరి!